వాన లేని గొడుగు

చిత్తూరులో బెల్లం మండీ మీది గది.
నెలకో ఆదివారం అక్కడ చేరతాం ఐదుగురం.
మెట్లకి కూడా తీపి అంటుకోనుంటాది.
పాత కాగితానికి చెదలు శత్రువంటారు అందరూ,
మాకు చీమలు.

ఈ పొద్దు పంచాయితీ నల్లగొడుగు గురించి.
గవ్వలమూట మాసపత్రికలో పదకొండేండ్లు బతికి
ఎవరికీ చెప్పకుండా ఆగిపోయిన బొమ్మల వీరుడు.
వాడు మొట్టమొదట ఎప్పుడు కనిపించినాడు?

"డెబ్బై ఎనిమిది, ఏప్రిల్," అన్నాడు మొగిలీశ్వర.
రిజిస్ట్రాఫీసులో చేసి రిటైరైన మనిషి,
సంతకం లేనిదే సూర్యుణ్ణి కూడా నమ్మడు.
"పేరుండాది, మాటుండాది, నిలువెత్తు మనిషుండాడు.
ఇంకేం కావాల?"

కాసిం పీరా ప్లాస్టిక్ కవర్లోంచి మార్చి సంచిక తీసినాడు,
నీళ్ళు పోసిన పసిబిడ్డని ఎత్తుకున్నట్టు.
ఆఖరి పేజీ, ఆఖరి గడి, కుడిపక్క మూల,
తలుపు సందులో గొడుగు మొన.
అంతే.
"మొన వచ్చినాక మనిషి రాకుండా పోతాడా?"
"మొనకి పేరుందా?"
"నీకు పుట్టిన రోజే పేరు పెట్టినారా మొగిలీ?"

దాము మొదలియార్ దగ్గర ఫిబ్రవరి ఉండాది.
తలనూనె ప్రకటన కింద అగ్గిపెట్టంత బొమ్మ,
"వస్తున్నాడు! కాచుకోండి!"
ముక్కు వేయడం మరిచిపోయినారు.
శుభలేఖ అచ్చేస్తే పెండ్లయినట్టేనా అని ఒకరు,
స్కానింగులో కనిపించినోడు పుట్టినట్టేనా అని ఇంకొకరు.
అప్పటిదాకా గమ్మునుండిన సుగుణమ్మ టీచరు
"పుట్టకముందే తన్నినాడు నా పెద్దోడు,
అది లెక్కలోకి రాదా?" అనింది.
మొగోళ్ళందరం టీ గ్లాసుల్లోకి చూసుకున్నాం.

ఆమె సంచీలోంచి అప్పుడొచ్చింది
డెబ్బై ఆరు దసరా సంచిక, అట్ట లేదు.
వేరే కథ. సంత. గుమ్మడికాయల కుప్ప వెనక
వీపు తిప్పుకొని ఒక మనిషి, విప్పిన గొడుగు.
"ఎవరో సంతకొచ్చినోడు లేమ్మా."
"వాన లేదు చూడు. ఎండ కూడా గీయలా.
మరి గొడుగెందుకు?"
కింద తూకం రాళ్ళు పడతాండే చప్పుడు.
ఎవరూ మాట్లాడలా.

నన్నడిగినారు.
నేను బస్సు కండక్టర్ని, రాయవేలూరు రూటు, ముప్పై యేండ్లు.
ఎక్కినోడికే టికెట్టు,
పరిగెత్తుకొస్తాండేవాడికి కాదు.
ఆ లెక్కన ఏప్రిల్ అనాల.

కానీ నాకు వాడు కనిపించింది పుస్తకంలో కాదు.
గవదబిళ్ళలు. దవడ చుట్టూ మా అమ్మ పాత చీర పేలిక.
కరెంటు పోయింది.
బడిలో ఎవరిదో పుస్తకం అరగంట చూసొచ్చి
మా అన్న చీకట్లో చెప్పినాడు కథంతా,
నల్లగొడుగునీ,
వాడి వెనకాల కుంటుకుంటా వచ్చే కుక్కనీ.

దొరికిన ప్రతి సంచికా కొన్నాను ఆ తరవాత.
నూటా ఇరవై ఒకటి.
ఏ దాంట్లోనూ కుక్క లేదు.
మొన్న అన్నని అడిగితే
"ఏ కుక్కరా?" అన్నాడు,
కండ్లద్దాలు తుడుచుకుంటా.

ఇదంతా వాళ్ళకి చెప్పలా.
"ఏప్రిలే," అన్నాను.
మొగిలీశ్వర రిజిస్టరు తెరిచి పెన్ను మూత తీసినాడు.

"ఆ దసరాది ఒకసారి ఇట్లియ్యమ్మా."
భూతద్దం పెట్టినాను.
గుమ్మడికాయలు. వీపు. గొడుగు.
మడమ పక్కన
నల్లగా ఏదో, కాళ్ళున్నది.
ఊపిరి ఆగింది నాకు.
అది కదిలింది.

"చీమ," అని ఊదబోయినాడు కాసిం పీరా.
"ఉండనీ అబ్బా," అన్నాను,
"కొంచేపు ఉండనీ."